అప్పగింతయు, లెక్క యడుగుటయు

ఈ వార్షికసంచికకై చరిత్రవ్యాసమొకటి వ్రాసి పంపవలసినదని కార్యదర్శిగారు కోరినప్పుడు మన పూర్వుల వంశచరిత్రమునే వ్రాయుదుమని వారు తలచియుందురు. అట్టి వ్యాసము లీ సంచికలలో పెక్కులు వచ్చినవి, ఇకముందును వచ్చును. మే మీ మారు వంశావళులను విడిచి, పని నొకరి కప్పగించుట, అప్పగించినపిదప దాని లెక్క నడుగుట అను రెండు క్రియలను మన దేశపు ప్రభువు లెట్లు నడపిరో, ఎచ్చట తప్పిరో విచారింపదలచితిమి. ఏలయన మన సంఘమునకు నేడు వసతిగృహము కలదు, విద్యార్థివేతననిధి కలదు, తాలూకాశాఖలు కలవు. ఇన్నింటిని ఒకరిద్దఱు పెద్దలు తమ భుజములపై మోయుచున్నారు. వారి వయస్సును మా వయస్సు వంటిదే. వారి తరువాత నేమి యను ప్రశ్నను సభలో నెవ్వరును ఎత్తరు. భోజనపంక్తిలో మాత్ర మందఱును ఎత్తుదురు.

తెలుగున 'అప్పగింత' యను మాటకు పెండ్లిలో నొక యర్థము కలదు. కన్యను అత్తవారి చేతిలో బెట్టి తల్లిదండ్రులు కన్నీరు విడుతురు. అంతటితో తన బాధ్యత తీరినదని యే తండ్రియు నూరకుండడు. ఆషాఢమున పిల్లను పిలుచుకొని వచ్చును. సంక్రాంతికి చూచి వచ్చును. మొగము చూచియే సంగతి గ్రహించును. అట్లని ప్రతిదినమును వియ్యంకుని వాకిట కూర్చుండి నేడేమి వండించితిరని యడుగువానిని లోకము మెచ్చదు. రాజ్యములందును, సంఘములందును కష్టమంతయు నీ రెంటి నడిమి మార్గముననే యున్నది.

సంస్కృతము చదువుకొన్నవార మగుటచే మొదట కౌటిల్యుని స్మరింపక ముందునకు పోజాలము. చిరకాలము పేరుమాత్రమే వినబడుచుండిన అర్థశాస్త్రమును 1905లో మైసూరున శామశాస్త్రిగారు తాళపత్రప్రతిలో గుర్తించి, 1909లో మూలమును ప్రకటించిరి. అందు రెండవ అధికరణము అధ్యక్షప్రచారము. రాజు తానొక్కడే చేయజాలని పనులను గనులకొకరు, సుంకమునకొకరు, నేతకొకరు, పశువులకొకరు చొప్పున అధ్యక్షులకు పంచియిచ్చుటయు, వారిని విచారించుటయు నందలి విషయము. లెక్కలవారందఱును ఆషాఢమాసమున ముద్రవేసిన పుస్తకములతోను, మిగులు ధనముతోను రాజధానికి రావలెను. వచ్చినవారు లెక్క యొప్పగించువఱకు నొకరితో నొకరు మాటలాడరాదు. ఒక్కొక్క శాఖకు పెక్కురు ముఖ్యులుండవలెను. వారును ఒక్కచోటనే శాశ్వతముగా నుండరాదు. ధనాపహరణమునకు నలువది మార్గములను గ్రంథకర్త లెక్కించి చెప్పినాడు. మేము పాఠశాలల లెక్కలు చూచిన అనుభవముతో చదువగా వానిలో సగము పాతమిత్రులవలె దోచినవి.

అయినను ఆ గ్రంథమున మాకు మిక్కిలి నచ్చినది వేఱొకటి. రాబడిని తగ్గించిన యధికారి రాజధనమును తిన్నట్లే. కాని నిర్ణయించినదానికి రెట్టింపు తెచ్చిన యధికారి ప్రజలను తిన్నట్లని యాతని మతము. ఎక్కువ తెచ్చినవానికి శాలువ కప్పుట మనకలవాటు. ఎక్కడనుండి తెచ్చితివని అడుగుటయు లెక్క యడుగుటలోనిదే.

శాస్త్రమిట్లుండగా ఆచరణమునకు వత్తము. నాయంకరమను పద్ధతి కాకతీయుల శాసనములలోనే కానవచ్చుచున్నను, దాని సంపూర్ణరూపమును విజయనగరమున చూడవచ్చును. శ్రీకృష్ణదేవరాయలు 1509 మొదలు 1529 వఱకు రాజ్యమేలెను. ఆ సామ్రాజ్యము రాయచూరు మొదలు రామేశ్వరప్రాంతము దాక వ్యాపించినది. దూతకు గుఱ్ఱమే గతియైన యా దినములలో హంపిలో కూర్చుండి యొక్కడేలదగిన నేల కాదది. భూమియంతయు రాజుదే; నాయకులు దానిని రాజుచేతినుండి పొంది యనుభవింతురు; ప్రతిగా నిర్ణీతమైన కాల్బలమును, గుఱ్ఱములను, ఏనుగులను పోషింపవలెను; నిర్ణీతమైన ధనమును బొక్కసమునకు కట్టవలెను. రాయల యనంతరము, అచ్యుతరాయల కాలమున విజయనగరమునందుండిన పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ దీనిని వివరముగా వ్రాసిపెట్టెను. రాజ్యము ఇన్నూఱుమందికి పైబడిన నాయకులకు పంచబడియున్నదనియు, వారి రాబడి 120 లక్షల వరహాలనియు, అందు 60 లక్షలు రాజునకు చెల్లుననియు, శేషముతో వారు 6 లక్షల కాల్బలమును 24 వేల గుఱ్ఱములను పోషింపవలెననియు నతని లెక్క. పరదేశి చెవిని పడిన యంకెలు గనుక వానిని తక్కెడలో పెట్టి తూచనక్కఱలేదు. పద్ధతి మాత్రము స్పష్టముగా తెలియుచున్నది.

ఈ పద్ధతిలో మూడు సంగతు లున్నవి. మొదటిది, ఏమి అప్పగింపబడినదో ఇరువురికిని ముందుగనే తెలియును. ఇన్ని గుఱ్ఱములు, ఇంత ధనము. 'రాజ్యమును బాగుగా చూచుకొనుము' అని యెవ్వరికిని చెప్పలేదు. మన కార్యవర్గములలో తఱచు వినబడు 'మీరు కొంచెము చూచుకొండి' యను మాటకును దీనికిని నెంత యంతరము కలదో చూడుడు! ఏమి చూచుకొనవలెనో చెప్పనివారు చూచుకొనలేదని తరువాత నేరమెంచుట న్యాయము కాదు.

రెండవది, లెక్కకు దినము నిర్ణయింపబడియున్నది. శరన్నవరాత్రములలో నాయకులు హంపికి వచ్చి ధనము చెల్లింపవలెను. ఆ యుత్సవమును 1520వ సంవత్సరప్రాంతమున పేయస్ అను మఱియొక పోర్చుగీసువాడు కన్నులార చూచి వర్ణించెను. ఉత్సవాంతమున రాజు నగరము వెలుపల సైన్యములను బారులు తీర్పించి, నడుమనుండి పోవుచు చూచుచుండెనట. ధనము లెక్క పుస్తకమున చూడవచ్చును. గుఱ్ఱముల లెక్క మైదానమున చూడవలెను. ఆ మహానవమి దిబ్బ నేటికిని హంపిలో నిలిచియున్నది. విద్యార్థులను వెంటబెట్టుకొని రెండుమారులు దానిని చూచితిమి. దానిపై చెక్కిన గుఱ్ఱములను, ఏనుగులను, నాట్యకత్తెలను అందఱును చూతురు. అది లెక్కలు చెల్లించుదినముల పీఠముకూడ నని వెంటవచ్చు మార్గదర్శకు లెవ్వరును చెప్పరు.

మూడవది, నాయకుడు సీమలో నున్నను అతని లేఖకు డొకడు రాజధానిలో నుండి యచ్చటి వార్తలు వ్రాసి పంపుచుండవలెను. శాసనములలోని స్థానాపతులు వీరేయని చరిత్రకారులందురు. దూరముననున్న నాయకుని బదులు పలుకుటకు ఎల్లప్పుడును సభలో నొకడున్నట్లు. రాజు మనస్సు నాయకునకు తెలియును. నాయకుని జాడ రాజునకు తెలియును.

ఆముక్తమాల్యదలో నాలుగవ ఆశ్వాసమున యామునాచార్యుడు కుమారునకు చేసిన రాజనీత్యుపదేశము కలదు. గ్రంథకర్త రాజగుటచే దానికొక విలువ కలదు. ఒకనిని ఒక్కసారిగా పెంచి, తరువాత తగ్గించినచో వాడు తన పూర్వస్థితిని తలపక పగబట్టుననియు, కావున నడత చూచుచు క్రమక్రమముగా పెంచవలెననియు నందు చెప్పబడినది. క్రొత్తగా చేరిన యువకుని ఉత్సాహము చూచి మొదటి సంవత్సరముననే కోశాధికారిని చేసి, రెండవ సంవత్సరమున తొలగించి, వానిని సంఘమునకే దూరము చేసికొనిన సభలను మేమెఱుగుదుము. వాని కొక యుత్సవపు వంటసామగ్రి లెక్క నిచ్చి చూచినచో చాలియుండెడిది.

ఇంత తెలిసిన రాయలే తప్పిన ఘట్టమొకటి కలదు. తిమ్మరుసుమంత్రిని రాజు అప్పాజీ యని పిలుచుచుండెనని ప్రసిద్ధి. 1515లో కొండవీడు పట్టుబడినపిదప ఆ సీమపాలనము తిమ్మరుసు చేతికిని, ఆయన మేనల్లుడగు నాదెండ్ల గోపమంత్రి చేతికిని వచ్చినది. అంతటి నమ్మకము! తరువాత రాయల కుమారుడు తిరుమలరాయలు బాల్యముననే చనిపోగా, విషప్రయోగమని యనుమానము పుట్టి, రాజు తిమ్మరుసును కుమారులతోకూడ చెఱబెట్టించెననియు, పిదప కన్నులు తీయించెననియు న్యూనిజ్ వ్రాసినాడు. నేరమెవరిదో నేటికిని తేలలేదు. తేల్చుటయు మా పని కాదు. మేము చూచునది విచారించిన తీరును మాత్రమే. ఇన్నూఱుమంది నాయకులకు ఏటేట దినము నిర్ణయించి, పుస్తకము చూచి, బారుతీర్చి లెక్కగొనిన రాజు, అందఱికన్న దగ్గఱివాని విషయమున అనుమానమునే సాక్ష్యముగా గొనెను. పుత్రశోకము కారణమని క్షమింపవచ్చును. కాని లోకమున తఱచుగా జరుగుచున్నదిదియే. దగ్గఱివానిని పదేండ్లు ఏమియు నడుగము, అడుగుట అవమానమనుకొందుము. పదునొకండవ యేట నెవ్వడో చెవిలో నొకమాట యూదును. అప్పుడడుగుట లెక్క యడుగుట కాదు, శిక్షించుటయే యగును. ప్రతి సంవత్సరమును అందఱితోపాటు నడిగినచో అడిగినవారికిని బిడియముండదు, చెప్పినవానికిని అవమానముండదు.

దీనికి ప్రతిగా మధుర కథ యొకటి కలదు. ఇది తరువాతి కాలపు వృత్తాంతములలోనిది. దీని వివరములయందు చరిత్రకారులకు భేదాభిప్రాయము లున్నవి. పాండ్యునకు సహాయముగా రాయలు పంపిన నాగమనాయకుడు మధురను గెలిచి, పాండ్యున కీయక తానే యనుభవింప మొదలిడెనట. అతనిని పట్టితెచ్చువా డెవ్వడని రాజు సభలో నడుగగా నాగముని కుమారుడు విశ్వనాథుడే లేచి, తండ్రిపై దండెత్తి, గెలిచి, తెచ్చి, రాజసన్నిధిని నిలిపెనట. రాజు తండ్రిని క్షమించి కుమారునకు మధురాధిపత్య మిచ్చెనందురు. మధుర నాయకరాజ్యమునకు 1529ని ఆరంభముగా చెప్పుదురు. తెలుగు నాయకు లచ్చట రెండువందల యేండ్లు పాలించిరి. విశ్వనాథుడును, అతని దళవాయి అరియనాథుడును ఆ దేశమును 72 పాలెములుగా విభజించి, ఒక్కొక్క పాలెగానికి మధురకోట బురుజు నొక్కొక్కదానిని కాపాడు భారము పెట్టిరని ప్రతీతి. ఏ బురుజు కూలినను ఎవరి నడుగవలెనో యా కోటలో నందఱికిని తెలియును. బంధుత్వముల నడుమ పెరిగిన మన సంఘములకు విశ్వనాథుని కథ మింగుడుపడదు. తండ్రి లెక్కను కొడుకు, బావ లెక్కను బావమఱది యడుగవలసిన దినము మనకును వచ్చుచుండును.

విజయనగరపద్ధతికి చెడుగు ఎట్లు పట్టినదో న్యూనిజే యొకచోట చూపినాడు. తాను వ్రాయునాటికి మంత్రిగానున్న సాళువనాయకునకు 11 లక్షల వరహాల రాబడి. అందు మూడవవంతు రాజునకు. మిగిలినదానితో 30 వేల కాల్బలమును, 3 వేల గుఱ్ఱములను, 30 ఏనుగులను పోషింపవలెను. కాని యతడు పూర్తిసైన్యమును ఎన్నడును పోషింపక మిగులు ననుభవించుచున్నాడట. వర్తకునకు తెలిసిన యీ సంగతి రాజునకు తెలియకుండునా? తెలిసియు నడుగని దినము వచ్చినదన్నమాట. 1565 జనవరిలో రక్కసి తంగడి యుద్ధమున రామరాయలు కూలిన తరువాత రాజధాని పెనుగొండకును, చంద్రగిరికిని, వేలూరునకును జరిగినది. మహానవమికి పోవుటకు హంపి లేదు. అడుగుటకు చేవగల రాజు లేడు. నాయకులు ప్రభువులైరి. వారి క్రింది పాలెగాండ్రును తమతమ కొండలపై ప్రభువులైరి. అప్పగింపబడినది మిగిలినది, లెక్క పోయినది. రాయలసీమ పల్లెలలో కూలిన బురుజులు నేటికిని కనబడుచున్నవి. ఆ బురుజుల నీడను రెండుశతాబ్దములు రైతు ఇద్దఱికి ముగ్గురికి పన్ను కట్టుచు బ్రదికెను.

1800లో నిజాము ఆ సీమలను కంపెనీవారికిచ్చెను. బళ్లారి, అనంతపురము, కడపలును, కర్నూలు సీమలో కొంతభాగమును అందు చేరినవి. అప్పుడచ్చట ఎనుబదిమంది పాలెగాండ్రుండిరి. ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో నలుగురు ఉపకలెక్టరులతో 1807 వఱకు పనిచేసెను. ఆయన కంపెనీకి పన్ను కూర్చుటకు వచ్చినవాడే; పుణ్యమునకు రాలేదు. అయినను పని పంచి లెక్కగొను విద్యలో ఆయనకు సమానులు తక్కువ.

1802లో ఆరంభమైన భూమి కొలతను చూడుడు. ఆ సీమలో కొలత తెలిసినవారు మొదట నలుగురు గుమాస్తాలు మాత్రమే. వారిచేత స్థానికులకు నేర్పించి, సంఖ్యను క్రమముగా పెంచెను. గొలుసు పొడవు 33 అడుగులు. ఆ గొలుసు చదరము గుంట. అట్టివి 40 చేరిన ఎకరము. కొలుచువారికి తొలుత నెలజీత మిచ్చిరి. పని మందముగా సాగెను. పిమ్మట కొలిచిన ఎకరములనుబట్టి కూలి యిచ్చిరి, పని వేగిరపడెను. కాని వేగిరపడినవాడు తప్పు కొలుచును గదా! అందుచే ఒక్కొక్క గుంపుపై నొక పరీక్షకుని నియమించిరి. ఆ పరీక్షకునకు మాత్రము ఎకరమునుబట్టి కాక నెలజీతమే యిచ్చిరి. అతనికిని ఎకరములనుబట్టియే యిచ్చినచో అతడును తొందరపడి తప్పులను దాటిపోవును. చేయువానికి వేగము, చూచువానికి నెమ్మది. ఈ చిన్న యేర్పాటులో మాకు పెద్ద బుద్ధి కనబడుచున్నది. మన సంఘమున వసూలు చేయువారే ఖర్చు చేయుదురు, ఖర్చు చేయువారే లెక్క వ్రాయుదురు, వారి బంధువే సరిచూచెనని సంతకము చేయును. ఎవరును దొంగలు కారు. అయినను గొలుసు పొడవు తెలిసినవాడు లేడు.

మన్రో తన లెక్కను తానును అడుగుకొనెను. ఆ కొలతపై వేసిన శిస్తు రైతునకు భారమని, నూటికి 25 తగ్గింపుమని 1807లో తానే పైవారికి వ్రాసెను. వారు వినలేదు. పైగా ఆయన వెళ్లినపిదప 1808 మొదలు మూడేండ్లకును, తరువాత పదేండ్లకును గ్రామములను గుత్తకిచ్చివేసిరి. గుత్త యనగా నేమి? ఇంత ధనము మాకు చేర్చుము, ఎట్లు తెచ్చితివని అడుగము అనుట. కౌటిల్యుడు భయపడినదియే జరిగినది. గుత్తదారులును చెడిరి, రైతులును చెడిరి. 1820లో ఆయన మద్రాసు గవర్నరై వచ్చినపిదపనే ఆ తగ్గింపు సాగినది.

గవర్నరుగా నుండి 1824 డిసెంబరు 31న ఆయన వ్రాసిన దీర్ఘలేఖనములో, ఈ దేశీయులను నమ్మక చిన్న యుద్యోగములకే కట్టిపెట్టినచో వారి శీలము క్షీణించుననియు, నమ్మి పెద్దపని యిచ్చినపుడే మనుష్యుడు పెద్దవాడగుననియు వాదించెను. తగిన జీతమీయక నిజాయితీ కోరుట వ్యర్థమనియు నాయన తఱచు చెప్పుచుండెను. 1827 జూలై 6న, తన పాతసీమనే చూడవచ్చి, పత్తికొండలో వాంతిభేదిచే మరణించెను. ఆ ప్రాంతమున పిల్లలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిరి. పన్ను వసూలుచేసినవానిపేరు పిల్లలకు పెట్టుకొనుట మన దేశమున తఱచు జరుగు సంగతి కాదు.

ఇక మన సంగతి. పూర్వమొక పట్టణములో నొక వసతిగృహమును మేమెఱుగుదుము. దాని ధర్మకర్త పరమనిజాయితీపరుడు. బియ్యము కొలుచుట మొదలు దాతలకు ఉత్తరము వ్రాయువఱకు సర్వము నాయనయే చేసెను. ఇతరులు చేసిన నచ్చదు. నేర్పుటకు తీరిక లేదు. ఆయనను లెక్క యడుగుట మహాపాపమని అందఱును తలచిరి. ఆయన స్వర్గస్థుడైనపుడు బీరువాలో నాలుగు నోటుపుస్తకములు దొరకినవి. వానిలోని సంకేతములు ఆయనకే తెలియును. ఏ దాత యెంత యిచ్చెనో, ఎవరికి బాకీ యెంతయో తేలక వసతిగృహము రెండేండ్లు మూతపడినది. ఆ రెండేండ్లు పల్లెటూళ్ల పిల్లలు చదువు మానిరి. ఆయన ఒక్క పైసయు తినలేదని మేము ప్రమాణము చేయగలము. పిల్లలకది యుపయోగపడలేదు.

కావున నీ మహాసభలో చర్చింపదగినవని కొన్నింటిని విన్నవించుచున్నాము. వసతిగృహమును, వేతననిధిని, శాఖలను వేర్వేఱుగా వేర్వేఱువారి కప్పగించి, ఎవరికేమి యప్పగింపబడినదో ఒక కాగితముపై వ్రాసి యిరువురును సంతకము చేయవలెను. ప్రతి పెద్దయు తన పని నేర్చుకొను నలువదియేండ్ల లోపువాని నొకనిని ప్రక్కన నుంచుకొనవలెను. ఏటేట విజయదశమి మఱునాడు అందఱి లెక్కలును, అధ్యక్షులవారి లెక్కతో మొదలుపెట్టి, సభలో చదువవలెను. పుస్తకముతోపాటు కొట్టుగదియు తెఱచి చూడవలెను. పరీక్షించువా రా తాలూకావారు కాకుండవలెను, వసూలులో పాల్గొననివారై యుండవలెను. వారి రానుపోను ఖర్చును, రెండుదినముల భోజనమును సంఘమే భరింపవలెను. పరీక్షింపబడువారి యింట వారికి విడిది యేర్పాటు చేయరాదు.